సభ్యురాలు ఖాజాబీ

పొద్దున పది కాగానే ఖాజాబీ ముందుగదిలో బల్ల మీద టాబ్లెట్‌ను ఖర్జూరాల డబ్బాకు ఆనించి నిలబెట్టేది. తెరను చున్నీ చెంగుతో ఒకసారి తుడిచేది. తర్వాత తివాచీ మీద చతికిలబడి, సోఫాలో కూర్చున్న ముసలావిడ కుడికాలిని ఒళ్లోకి తీసుకుని మోకాలికి నూనె రాయడం మొదలుపెట్టేది. తెర మీద తెల్లటి తోబులు తొడుక్కున్న మగవాళ్లు, వాళ్ల మధ్య ఒకరిద్దరు ఆడవాళ్లు, చెక్కబల్లల వెనక కూర్చుని మాట్లాడుతుండేవాళ్లు.

అది బహ్రెయిన్ పార్లమెంటు. సౌదీలో ఈ ఇల్లున్న అల్ ఖోబర్ నుంచి సముద్రం మీది వంతెన దాటితే వచ్చే చిన్న ద్వీపం బహ్రెయిన్. ఇంట్లో అందరూ అమ్మ అనే అర్థంలో మామా అని పిలిచే ఆ ముసలావిడ పుట్టిల్లు అక్కడే. ఆమె తమ్ముడు ఆ సభలో సభ్యుడు. ఆయన పేరు యూసుఫ్ అయినా ఈ ఇంట్లో అందరూ ‘నాయిబ్’ అనే అంటారు. సభ్యుడు అని దాని అర్థం. సభ జరిగేది వారానికి ఒక్కరోజే. మామా దాన్ని వారమంతా ముక్కలు ముక్కలుగా, సీరియల్ చూసినట్టు చూసేది. తమ్ముడు మాట్లాడిన చోటు మాత్రం రెండుసార్లు చూసేది.

మొదట్లో ఖాజాబీకి అదంతా ఒక రొద. రాయచోటి దగ్గరి పల్లెలో దూదేకుల ఇంట పుట్టింది, ఐదో తరగతి దాటలేదు. భర్త బాషా పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక పన్నెండేళ్ల కూతురు హసీనాను చెల్లెలు రిజ్వానా దగ్గర వదిలి ఇక్కడికి వచ్చింది. వచ్చిన ఏడాదికి వంటింటి అరబ్బీ నోటికి పట్టింది. రెండో ఏడాదికి మామా కోపంలో మాట్లాడేది కూడా అర్థం కాసాగింది. ఆ తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేదు గానీ, టాబ్లెట్‌లో వాళ్ల మాటలూ విడివిడిగా వినబడ్డాయి. వజీరు, సవాలు, జవాబు అనే మాటలు రాయచోటి బజారులో విన్నవే కావడంతో దారి సులువైంది.

ఒక సభ్యుడు లేచి ఫలానా వీధిలో మురుగు ఎందుకు పొంగుతోందని అడిగేవాడు. ఇంకొకడు, సముద్రంలో ఇసుక తోడితే చేపలు ఎటు పోవాలని అడిగేవాడు. మంత్రి లేచి కాగితం చూసి చదివేవాడు. కొన్నిసార్లు మంత్రి వచ్చేవాడే కాదు. ఖాళీ కుర్చీని చూసి మామా తిట్లు లంకించుకునేది.

“పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి వాడు,” అనేది. “ఇష్టముంటే చెప్పడం కాదు. చెప్పి తీరాలి. అది నియమం.”

ఆ పదిహేను రోజుల మాట ఖాజాబీకి బాగా పట్టుకుంది. పెద్ద మనిషిని ఒక మాట అడిగితే, ఆ మాటకు ఒక తేదీ ఉంటుందని ఆమె అంతకుముందు ఎన్నడూ వినలేదు.

మామా కొడుకు ఖాలిద్ చెడ్డవాడేమీ కాదు. జీతం నెల దాటనివ్వడు, గొంతు పెంచడు. ఈ ఇంట్లో పనిచేసేవాళ్లందరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతనే. ఊరికి పోవాలంటే అతను తన ఫోన్లోని యాప్‌లో ఒకచోట నొక్కాలి. నొక్కితే ఖురూజ్, దేశం దాటే అనుమతి, వస్తుంది. ఖురూజ్ లేకపోతే విమానాశ్రయం దాకా కూడా పోనక్కర్లేదు. ఖాజాబీ ఏడేళ్లలో ఒక్కసారే ఊరికి పోయింది, మూడేళ్ల కిందట, హసీనా పెళ్లికి. ఇరవై ఎనిమిది రోజులు ఉండి వచ్చేసింది.

ఆ అక్టోబరులో హసీనా ఫోన్ చేసింది. ఐదో నెల. ఫిబ్రవరి నడుమ కాన్పు అన్నారట.

“మా అత్త, పురిటికి మీ అమ్మ వస్తాదా, లేక మేమే చూసుకోవాలా అని అడుగుతాంది మా,” అంది హసీనా.

“వస్తానని చెప్పు.”

“నిజంగా వస్తావా?”

“చెప్పినా కదే.”

చెప్పిన మర్నాడు ఖాలిద్ ఆఫీసుకు బయల్దేరుతుంటే తలుపు దగ్గర అడిగింది. “చూద్దాం ఖాజాబీ,” అని బూట్లు తొడుక్కున్నాడు. పది రోజుల తర్వాత అడిగితే, “గుర్తుంది, గుర్తుంది,” అన్నాడు. నవంబరు మొదట్లో అడిగితే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ చేయి పైకెత్తాడు, ఆగమన్నట్టు. ఆమె ఆగింది. అతను మాట్లాడుకుంటూనే కారెక్కాడు. మామాకు చెబితే, “నా మోకాలు ఎవరికి ఒప్పజెప్పి పోతావు?” అని నవ్వింది. ప్రేమగానే అంది.

ఎవరూ పొమ్మనలేదు. అలాగని వద్దనీ అనలేదు.

వంటింట్లో ఆమెకు తోడు చిట్టెమ్మ. రాజోలు వైపు మనిషి, ఖాజాబీ కంటే పదేళ్లు చిన్న, వచ్చి నాలుగేళ్లయింది. అరబ్బీ పది మాటలకు మించి రాదు. దేనికైనా “ఆయ్” అంటుంది. మామాకు కూడా ఆ “ఆయ్” అలవాటై, చిట్టెమ్మను పిలవాలంటే పేరు మానేసి అదే అనేది. చిట్టెమ్మ అయితే ఒక్కసారీ ఇంటికి పోలేదు.

“కాగితం రాసిస్తా,” అంది ఖాజాబీ ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ. “ఆ సభలో రాసిచ్చినట్టే.”

“ఎవరికి?”

“ఖాలిద్ బాబాకు.”

“ఆయనేవన్నా మంత్రేటక్కా?”

“ఈ ఇంటికి మంత్రే కదమే. రాసిస్తే పదైదు దినాల్లో జవాబు చెప్పాల. నోటితో అడిగితే గాలికి పోతాంది.”

చిట్టెమ్మ కత్తి పక్కన పెట్టింది. “ఆ టాబులో చూసిందల్లా మనింట్లో జరుగుద్దనుకుంటే ఎట్టాగక్కా? రేపు సినిమా చూసి ఎగురుతానంటావ్.”

“సినిమా కాదుమే ఇది. నిజంగా జరిగేదే.”

ఖాజాబీకి అరబ్బీ మాట్లాడడం వచ్చినా రాయడం రాదు. ఇంటి డ్రైవరు గులాం మొహిద్దీన్‌ది ఆదోని. చిన్నప్పుడు మదర్సాలో చదివాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. గేటు పక్కన కారు తుడుస్తుంటే పోయి అడిగింది.

“అక్కా, నీకేమన్నా తిక్క పుట్టిందా?” అన్నాడు.

“రాస్తావా, రాయవా?”

“రాస్తాలే. రాసింది నేనని చెప్పొద్దు. బాబా అడిగితే జిన్ను వచ్చి రాసిపోయిందని చెప్పు.”

ఆమె చెబుతుంటే అతను బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. గౌరవనీయులైన మంత్రి ఖాలిద్ గారికి. విషయం: పనిమనిషి ఖాజాబీ సెలవు. మూడేళ్లుగా సెలవు ఇవ్వకపోవడానికి కారణం ఏమిటి? ఫిబ్రవరి లోపల ఇవ్వడానికి ఏం ఏర్పాటు చేస్తున్నారు? పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

“కింద సంతకం చెయ్,” అన్నాడు. ఆమె తెలుగులో ఖాజాబీ అని రాసింది. గుణింతం తప్పు పోకుండా నెమ్మదిగా రాసింది.

శుక్రవారం మధ్యాహ్నం నాయిబ్ వంతెన దాటి అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ రోజు హమూర్ చేపతో అన్నం. నేల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ చుట్టూ మామా, ఖాలిద్, నాయిబ్ కూర్చున్నారు. ఖాజాబీ, చిట్టెమ్మ వడ్డించారు. తినడం సగమయ్యాక ఖాజాబీ ఆ కాగితాన్ని మడత విప్పి ఖాలిద్‌కు ఇచ్చింది. అతను చదివి మేనమామ చేతికి అందించాడు. అతని పెదవులు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకుంటున్నాడు.

నాయిబ్ చేయి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

“రూపం సరిగ్గా ఉంది,” అన్నాడు గంభీరంగా. “ఒక మంత్రి. ఒక విషయం. గడువు. మా సభలో కొత్తవాళ్లకు ఇది రాయడం రాదు. ఎవరు నేర్పారు నీకు?”

“మీరే. టాబ్లెట్‌లో.”

మామా పగలబడి నవ్వింది. నాయిబ్ మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టాడు.

“కానీ దీన్ని కొట్టేస్తున్నాను.”

“అయ్యో, ఎందుకురా?” అంది మామా.

“రెండు కారణాలు. ప్రశ్న వేసే సభ్యుడి సొంత లాభం అందులో ఉండకూడదు. అతనిదే కాదు, నాలుగో వరస దాకా అతని చుట్టాలది కూడా. ఇక్కడ ప్రశ్న వేసింది ఖాజాబీ, లాభమూ ఖాజాబీదే. రెండోది, ఒకరి బదులు ఇంకొకరు వేయకూడదు. సంతకం ఏ భాషలోదో గానీ, ఈ చేతిరాత ఆమెది కాదు.”

“బతికిపోయాను,” అని ఖాలిద్ చేపముక్క తెంపుకున్నాడు. బయట గేటు దగ్గర ఉన్న డ్రైవరు వైపు కిటికీలోంచి ఒక చూపు చూశాడు.

ఖాజాబీ నిలబడే ఉంది. “ఇది నిజంగా నియమమేనా? నవ్వడానికి చెబుతున్నారా?” అని అడిగింది.

“వల్లాహి, మా రాజ్యాంగంలోనే ఉంది,” అన్నాడు నాయిబ్. ఈసారి ఆట మాని, మామూలు గొంతుతో చెప్పాడు.

ఆమె తల ఊపి ఖాళీ అయిన పెరుగు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. నియమం ఉంటే ఉంటుంది, దానికి ఏడ్చేదేముంది అనుకుంది. గిన్నె కడిగి బోర్లించింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరూ పెద్ద సిబ్బి తోముతున్నారు.

“నాలుగో వరసంటే ఎందాకా ఎల్తాదక్కా?” అంది చిట్టెమ్మ.

“హసీనా వస్తాది. రిజ్వానా వస్తాది. రిజ్వానా పిల్లోళ్లు వస్తారు. అందరూ వచ్చేస్తారులే.”

“నేనొత్తానా?”

“నువ్వెట్లొస్తావు? కొబ్బరికాయ తినేదానివి నువ్వు, సంగటి తినేదాన్ని నేను. యాడ చుట్టరికం మనకు?”

అన్నాక ఖాజాబీ చేయి సిబ్బి మీద ఆగిపోయింది. చిట్టెమ్మ కూడా ఆమె వైపే చూస్తోంది.

“అయితే నా గురించి నువ్వడగొచ్చు,” అంది చిట్టెమ్మ నెమ్మదిగా.

“నా గురించి నువ్వు.”

“నాకా అరబ్బీ ఎక్కడొచ్చక్కా? ఆయ్ అంటే సరిపోద్దా?”

“నేర్పిస్తా. ఒగటే మాట. వారం దినాలుంది కదా. ముందు నేనడుగుతా, మాట వచ్చినదాన్ని. నువ్వు చూసి, ఆ తర్వాత శుక్రవారం నువ్వడుగు. ఒకేసారి ఇద్దరం అడిగితే కుమ్మక్కయినారని మళ్లా కొట్టేస్తాడు ఆయన.”

“నీకే తొందర కదక్కా. నాకేవుంది, ఊరికే ఓపాలి ఊరు చూసొద్దావని. ముందు నేనే అడుగుతాను.”

“ఒక వారంలో ఏం మునిగిపోతాదిమే? ఫిబ్రవరికి ఇంకా మూడు నెల్లుంది.”

ఆ వారమంతా ఖాజాబీ తన మాటలు కూడబలుక్కుంది, చిట్టెమ్మకు ఆమె మాటలు వల్లె వేయించింది. “సాదత్ అల్ వజీర్,” అని మొదలుపెట్టాలి. మంత్రిగారూ అని. చిట్టెమ్మ నోట్లో అది సోడాబుడ్డి గోళీలా కిందికీ పైకీ ఆడేది గానీ బయటికి వచ్చేది కాదు. “మీ ఖాలిద్ బాబాకి ఇంకేదైనా తేలికైన ఉద్యోగవుంటే బావుణ్ణు,” అనేది.

రెండో శుక్రవారం చాయ్ కప్పులు పెట్టాక ఖాజాబీ చేతులు తుడుచుకుని చెప్పింది, ప్రశ్న అడగడానికి అనుమతి కావాలని. ఈసారి కాగితం లేదు, నోటితోనే అడుగుతానంది.

నాయిబ్ సరదాగా సర్దుకుని కూర్చున్నాడు. “సభ్యురాలు లేచి నిలబడి అడగాలి,” అన్నాడు. ఖాజాబీ ఎలాగూ నిలబడే ఉంది.

“సాదత్ అల్ వజీర్,” అంది ఖాలిద్‌తో. “ఈ ఇంట్లో చిట్టెమ్మ నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. ఆమెకు సెలవు ఎందుకు ఇవ్వలేదు, ఎప్పుడు ఇస్తారు? ఆమె నాకు చుట్టం కాదు. మాది ఒక ఊరు కాదు, ఒక మతం కాదు. ఈ ప్రశ్నలో నాకు ఏ లాభమూ లేదు.”

మామా చప్పట్లు కొట్టింది. నాయిబ్ ఖాలిద్ వైపు వంగి, “ప్రశ్న సక్రమంగా ఉంది. మంత్రి జవాబు చెప్పాలి,” అన్నాడు.

ఖాలిద్‌కు మంత్రి పిలుపు బాగా నచ్చింది. తోబు సర్దుకున్నాడు. జేబులో వెతికి ఫోన్ తీశాడు. అందరూ చూస్తుండగా తెర మీద వేలితో నాలుగైదుసార్లు నొక్కాడు. మెసేజ్ వచ్చిన చప్పుడు వినబడింది.

“జవాబు: ఇచ్చేశాం. రెండు నెలలు, రాకపోకలకు,” అని ఫోన్‌ను మేనమామ ముఖం ముందు పెట్టాడు. “మీ మంత్రులు ఇంత తొందరగా పని చేస్తారా?”

“మా వాళ్లయితే విషయం పరిశీలనలో ఉంది అనేవాళ్లు,” అన్నాడు నాయిబ్. ముగ్గురూ నవ్వుకున్నారు. గుమ్మం దగ్గర చిట్టెమ్మ ఏం జరిగిందో తెలియక ఖాజాబీ ముఖం చూస్తోంది.

“జవాబు విన్న తర్వాత సభ్యురాలు ఒక మాట మాట్లాడవచ్చు,” అన్నాడు నాయిబ్. “అది కూడా హక్కే.”

ముగ్గురూ ఆమె వైపు చూస్తున్నారు. ఖాలిద్ చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. ‘మరి నాకు?’ అన్న మాట ఖాజాబీ నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే, ప్రశ్నలో సొంత లాభం ఉందని తేలిపోతుంది. చిట్టెమ్మకు ఇచ్చిందీ వెనక్కి పోతుందేమో. వచ్చే శుక్రవారం చిట్టెమ్మ అడుగుతుంది కదా.

“షుక్రన్, సాదత్ అల్ వజీర్,” అని కప్పులు పళ్లెంలో పెట్టుకుంది.

సోమవారం ఖాలిద్ చిట్టెమ్మకు టికెట్ తెచ్చాడు. బుధవారం దమ్మామ్ నుంచి విమానం. తన స్నేహితుడి కుటుంబం హైదరాబాదు పోతోందట, తోడుగా ఉంటుందని దాంట్లోనే తీశాడు. మంచి పనే చేశాడు. చిట్టెమ్మ ఎప్పుడూ ఒంటరిగా విమానం ఎక్కలేదు మరి.

“నేనెల్లనక్కా,” అంది చిట్టెమ్మ. “శుక్రోరం అడిగాకే ఎల్తాను.”

“టికెట్టు మార్పిస్తావా నువ్వు? ఎవురితో చెప్పి?”

“నువ్వు చెప్పు ఆల్లకి.”

“చెప్తే మొత్తానికే మానెయ్యమంటారు. నోరు మూసుకొని పెట్టె సర్దుకోమే.”

పెట్టె ఖాజాబీనే సర్దింది. తాడు కూడా తనే కట్టింది. బుధవారం పొద్దున గులాం మొహిద్దీన్ కారు తీశాక, చిట్టెమ్మ కిటికీలోంచి చేయి బయట పెట్టి, నేర్చుకున్న అరబ్బీ మాటలు ఒకసారి అప్పజెప్పింది. తప్పు లేకుండా చెప్పింది. గేటు మూసుకుంది.

శుక్రవారం భోజనాల దగ్గర మామా ఫోన్ మోగింది. చిట్టెమ్మ రాజోలు నుంచి గొంతు రికార్డు చేసి పంపింది. వెనక కోళ్లు అరుస్తున్నాయి, ఎవరో బిందె దించుతున్న చప్పుడు. “సాదత్ అల్ వజీర్,” అని మొదలైంది. ఖాజాబీ మూడేళ్లుగా సెలవు లేకుండా ఉంది, ఆమెకు సెలవు ఎప్పుడు ఇస్తారు, ఆమె నాకు చుట్టం కాదు. చివర ఏమనాలో తోచక “ఆయ్” అంది.

మామాకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. మళ్లీ పెట్టమంది. రెండోసారి ఖాలిద్ కూడా ఆ “ఆయ్” దగ్గర గొంతు కలిపాడు. ఖాజాబీ అన్నం పళ్లెం పట్టుకుని నిలబడి ఆ రెండుసార్లూ విన్నది. చిట్టెమ్మ గొంతు ఫోన్లో కొంచెం సన్నగా వినబడుతోంది అనుకుంది.

“బాగా అడిగింది,” అన్నాడు నాయిబ్ కళ్లు తుడుచుకుంటూ. “కానీ ఏం చేయను? సభలో లేనివాళ్లు ప్రశ్న వేయడానికి లేదు.”

“ఖాజాబీ,” అన్నాడు ఖాలిద్, నవ్వు ఆపి. “ఇద్దరూ లేకపోతే మా అమ్మను ఎవరు చూస్తారు చెప్పు? చిట్టెమ్మ జనవరి చివర వస్తుంది. ఆమె వచ్చిన మర్నాడు నువ్వు పో. మాట ఇస్తున్నాను.”

అది న్యాయంగానే ఉంది. ఖాజాబీ లెక్క వేసుకుంది. జనవరి చివర అంటే కాన్పుకు ఇంకా పదిహేను రోజులు ఉంటుంది. హసీనాకు ఫోన్ చేసి తేదీతో సహా చెప్పింది. ఒక్కతే ఇద్దరి పనీ చేసింది, రెండు నెలలు. మామా పడక, స్నానం, మోకాలు, వంట, ఇస్త్రీ. అలసట తెలిసేది కాదు. అసలు ఏదీ అంతగా తెలిసేది కాదు. తెల్లవారితే లేచేది, పని ఎక్కడ వదిలిందో అక్కడి నుంచి అందుకునేది.

జనవరి ఇరవై రెండున చిట్టెమ్మ ఫోన్ చేసింది.

“అక్కా, నన్ను చంపెయ్యక్కా.”

“ఏమైందిమే?”

“నాకు రాబుద్ది కావట్లేదు. మా ఆయన ఇక్కడే రొయ్యల చెరువు మీద పనుందంటున్నాడు ఇద్దరికీ. పిల్లలు నన్నొదలట్లేదు. నేనేటి చెయ్యనక్కా? నీ మాటెత్తితే గుండె ఆగిపోతంది.”

ఖాజాబీ పొయ్యి మంట తగ్గించింది.

“ఖాలిద్ బాబాకు చెప్పినావా?”

“లేదు. నీకే ముందు. నువ్వు రమ్మంటే వచ్చేత్తాను. ఒక్క మాట అను. రేపే వచ్చేత్తాను.”

రమ్మనడానికి ఖాజాబీకి అడ్డమేమీ లేదు. ఒక్క మాటే. ఆమె ఆ మాట కోసం లోపల వెతికింది. అక్కడ కోపం ఉంటుందనుకుంది, లేదు. అసూయా లేదు. బిందె దించిన చప్పుడు, కోళ్ల అరుపు గుర్తొచ్చాయి.

“ఉండులే,” అంది.

“అక్కా...”

“ఉండు. పిల్లోళ్లకు అన్నం పెట్టు. పొయ్యి మీద పప్పుంది, మాడిపోతాంది నాకు.”

ఆ వారమే గులాం మొహిద్దీన్‌ను అడిగింది, ఈసారి నువ్వు బాబాను అడుగుతావా అని. అతను చాలాసేపు కారు అద్దం తుడిచాడు. “అక్కా, కాగితం రాసినందుకే నన్ను నెల దినాలు మూతి ముడుచుకొని చూసినాడు. నాకు ఇంట్లో నలుగురుండారు. నన్నడగొద్దు,” అన్నాడు. ఆమె సరేనంది. అతనికి చాయ్ తెచ్చిచ్చింది.

ఖాలిద్ నిజంగానే నొచ్చుకున్నాడు. ఏజెంటుకు ఫోన్ చేసి కొత్త మనిషి కావాలన్నాడు. కెన్యా నుంచి రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. “ఏం చేయమంటావు ఖాజాబీ? నా మాట తప్పు కాదు, ఆమె రాలేదు,” అన్నాడు. అదీ నిజమే. తప్పు ఎక్కడుందని వెతికితే ఎవరి దగ్గరా దొరకదు. ప్రశ్న వేసింది ఖాజాబీ, చిట్టెమ్మకు సెలవు తెచ్చింది ఖాజాబీ. ఉండులే అన్నదీ ఆమే.

ఫిబ్రవరి పదహారున రిజ్వానా ఫోన్ చేసింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. రాయచోటి ఆసుపత్రిలో రాత్రంతా తనే ఉందట, హసీనా ఒకటి రెండుసార్లు మా మా అని పిలిచిందట. వీడియోలో గుడ్డలో చుట్టిన ముఖం చూపించింది. ముఖం ఎర్రగా, చిన్నగా ఉంది. కళ్లు మూసుకునే ఉంది. ఖాజాబీ ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది. సిగ్నల్ పోయింది. ఆమె కాసేపు నల్లటి తెరను చూసి, ఫోన్‌ను మసాలా డబ్బాల వెనక పెట్టి, మామాకు మందులిచ్చే వేళయిందని లేచింది.

“ఏడుస్తున్నావా?” అంది మామా మందు మింగి.

“లేదు మామా.”

“మంచిది. మాషా అల్లా, అమ్మమ్మవయ్యావు,” అని మామా ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది. ఖాజాబీ నీళ్ల గ్లాసు పట్టుకుని వంగి, ముద్దు పెట్టించుకుంది.

పిల్లకు పర్వీన్ అని పేరు పెట్టారు. రంజాన్ వచ్చింది, పోయింది. ఒక శుక్రవారం నాయిబ్ చేయి కడుక్కుంటూ, “ఏం సభ్యురాలా, ఈమధ్య ప్రశ్నలేవీ లేవే?” అన్నాడు.

“లేవు,” అంది తువ్వాలు అందిస్తూ.

“అంటే ప్రభుత్వం బాగా పనిచేస్తోందన్నమాట.”

“ఆ.”

మే నెలలో కెన్యా నుంచి కొత్తమ్మాయి వచ్చింది. పని పట్టుకుంది. జూన్‌లో ఒకరోజు ఖాలిద్ తనంతట తానే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఫోన్ ఉంది. “ఇప్పుడు నొక్కనా? రెండు నెలలు, మూడు నెలలు, నీ ఇష్టం,” అన్నాడు. ఆమె చేతులు పిండిలో ఉన్నాయి. హసీనా అప్పటికే మదనపల్లెలోని అత్తగారింటికి పోయింది. పురుడు రిజ్వానా పోసింది, పేరు అత్తగారు పెట్టారు. ఇప్పుడు పోతే ఎవరింట్లో దిగాలో, పోయి ఏం చేయాలో ఖాజాబీకి తోచలేదు.

“ఇప్పుడొద్దు బాబా,” అంది.

“ఎందుకని?”

ఆమె పిండి పిసుకుతూనే ఉంది. అతను కాసేపు చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది చివర కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించారు. ఆమె వేలిముద్ర వేసింది. ఖాజాబీకి ఇప్పుడు నలభై ఆరేళ్లు, అల్ ఖోబర్‌లో అదే ఇంట్లో పనిచేస్తోంది. పర్వీన్‌కు మొన్ననే పదిహేనో నెల నిండింది. ఆ పిల్లను ఆమె ఇంతవరకు ఎత్తుకోలేదు.